గ్లాస్గో బడుల్లో ఉన్న 'నర్చర్ రూమ్' లాంటిది మన సర్కారు బడిలో నడుస్తుందా?

నల్లబల్ల_నర్సంపేట
నమస్తే అందరికీ. నర్సంపేట వైపు ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీగా చేస్తున్నాను. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. ఇంగ్లండు, స్కాట్లాండు బడుల్లో 'నర్చర్ గ్రూప్' అని ఒకటి నడుపుతారని చదివాను. మనసు కుదురుగా లేక చదువులో వెనకబడ్డ పిల్లలను ఆరు నుంచి పన్నెండు మంది దాకా ఒక చిన్న గుంపుగా చేసి, ఇద్దరు పెద్దవాళ్లు రోజూ వాళ్లతో కొంతసేపు గడుపుతారట. కలిసి తినడం, మాట్లాడుకోవడం, ఆడుకోవడం, ఆ తర్వాత పాఠం.

మా దగ్గర అట్లాంటి పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. ఒకడు రెండో తరగతి. అమ్మానాన్న మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల మీద, వీడు నానమ్మ దగ్గర. తెలుగు వాచకం తీయమంటే బెంచీ కింద దూరతాడు. లెక్కలప్పుడు మాత్రం దూరడు. ఇంకో పాప తండా నుంచి వస్తుంది, ప్రేయర్ నుంచి ఇంటి బెల్లు దాకా నోరు విప్పదు. మూడోవాడు చేతికి ఏది దొరికితే దానితో పక్కవాణ్ని కొడతాడు. పత్తి ఏరే రోజుల్లో వాళ్లమ్మ తెల్లారకముందే ఆటో ఎక్కి పోతుంది, ఆ నెలల్లో వీడి దూకుడు ఇంకా ఎక్కువ. తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు పెట్టిన కార్యక్రమం) ప్రకారం స్థాయిలు రాస్తూనే ఉన్నాం. ఈ ముగ్గురి దగ్గర రాసిందే మళ్లీ రాస్తున్నాం.

మన బడిలో ఇది కుదిరే పనేనా? ఎవరైనా దగ్గరి నుంచి చూశారా?

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
మేడమ్, మంచి ఆలోచనే. కానీ ఐదు తరగతులకు ఇద్దరున్న చోట ఒకరు ఐదుగురిని పెట్టుకుని కూర్చుంటే మిగతా పిల్లలను ఎవరు చూడాలి? రేపు ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు విజిట్‌కు వచ్చి అడిగితే ఏం చెప్తారు?

ఇంకో సంగతి. ఆ గదికి మీరు ఎంత మంచి పేరైనా పెట్టండి, నెల తిరగకముందే పిల్లలు దానికి 'మొద్దుల గది' అని పేరు పెడతారు. ఆ పేరు ఆ పిల్లల వెంట పదో తరగతి దాకా పోతుంది. కొట్టినవాణ్ని పిలిచి బడిలో ఇచ్చే రాగి జావ పోస్తే, దెబ్బ తిన్నవాడు ఏమనుకుంటాడు? గారాబానికి కూడా ఒక లెక్క ఉండాలి.

హుజురాబాద్_బాబాయ్
మా చిన్నప్పుడు రెండు తగిలిస్తే బెంచీ కింద ఉన్నోడు బెంచీ మీదికొచ్చేటోడు 😀

భవిత_పరకాల
బాబాయ్, విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17. శరీరానికి దెబ్బ గానీ మనసుకు వేధింపు గానీ, రెండూ నిషేధమే. నవ్వులాటకు కూడా టీచర్లకు ఆ సలహా ఇవ్వకండి.

కరీంనగర్_టు_గ్లాస్గో
అక్కా, నాది కరీంనగర్, ఇప్పుడు గ్లాస్గోలో ఉంటున్నాను. ఇక్కడి ఒక ప్రైమరీ స్కూల్లో సపోర్ట్ వర్కర్ పని. ఇక్కడ చాలా బడుల్లో నర్చర్ రూమ్ ఉంది. నేను చూసింది చెప్తాను.

గది బడిలా ఉండదు, ఇల్లులా కూడా ఉండదు. రెండూ కలిసినట్టు ఉంటుంది. ఒక సోఫా, ఒక మూల చిన్న వంటిల్లు, ఒక పెద్ద టేబుల్, నాలుగు పుస్తకాలు, ఇసుక, బొమ్మలు. పిల్లలు పొద్దున ముందు సొంత క్లాసుకే పోయి హాజరు చెప్పి వస్తారు. వాళ్ల పేరు ఆ క్లాసు నుంచి తీసేయరు, ఇది గట్టి నియమం. తర్వాత మా దగ్గరికి వచ్చి అందరం టేబుల్ చుట్టూ కూర్చుంటాం. టోస్టు, పాలు. బయటి నుంచి చూసేవాళ్లకు ఊరికే తింటున్నట్టే ఉంటుంది. అసలు పని అంతా అక్కడే జరుగుతుంది. ప్లేటు పక్కవాడికి అందించాలి. వెన్న డబ్బా తన దాకా వచ్చేవరకు ఆగాలి. "నిన్న మీ కుక్కకు బాగాలేదన్నావు కదా, ఇవాళ ఎట్లుంది?" అని ఒకరినొకరు అడగాలి. మొదటి వారాల్లో ఒక పిల్లవాడు టోస్టు జేబులో దాచుకునేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. మా టీచర్ రోజూ అతని ప్లేటు పక్కన ఇంకొకటి పెట్టి "ఇది ఇంటికి" అనేది. కొన్నాళ్లకు దాచుకోవడం వాడే మానేశాడు.

ఇద్దరు పెద్దవాళ్లు ఎందుకంటే, ఒకరు ఏడ్చే పిల్లను చూస్తుంటే ఇంకొకరు మిగతావాళ్లను చూడాలి. అదొక్కటే కాదు. ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడటం, మాట పడకపోయినా గొడవ లేకుండా తేల్చుకోవడం కొందరు పిల్లలు ఇంట్లో చూసి ఉండరు. మేము కావాలనే వాళ్ల ముందు "నాకు ఆ కథ వద్దనిపించింది, నీకు?" "నాకు కావాలి, సరే రేపు నీది" అని మాట్లాడుకుంటాం.

హెచ్ఎం సార్ అన్న పేరు సంగతి నిజమే, ఇక్కడా ఆ భయం ఉంటుంది. అందుకే గుంపులో కొట్టేవాళ్లను మాత్రమే వేయరు. మాట్లాడనివాళ్లు, ఎప్పుడూ బుగులు పడేవాళ్లు, కొట్టేవాళ్లు అందరూ కలిసి ఉండేలా చూస్తారు. కొట్టేవాళ్లు ఆరుగురు ఒక గదిలో ఉంటే ఏమవుతుందో టీచర్లకు నేను చెప్పాలా!

సాధారణంగా రెండు నుంచి నాలుగు టర్ములు ఉంటారు. ఇక్కడ ఏడాదికి మూడు టర్ములు. ఆ తర్వాత మెల్లగా పూర్తిగా సొంత క్లాసుకు.

ఎంఎడ్_కాకతీయ
చిన్న చరిత్ర. దీన్ని మొదలుపెట్టింది మార్జొరీ బాక్సాల్ అనే విద్యా మనస్తత్వవేత్త, 1969 ప్రాంతంలో, లండన్‌లోని హాక్నీలో. అప్పటికి ఆ బడులకు పేదరికం నుంచి, కొత్తగా వలస వచ్చిన కుటుంబాల నుంచి పిల్లలు వస్తున్నారు. టీచర్లు తట్టుకోలేక స్పెషల్ స్కూళ్లకు పంపమని రాస్తున్నారు. పిల్లలు చెడ్డవాళ్లు అనడం కంటే, మూడు నాలుగేళ్ల లోపు ఇంట్లో దొరకాల్సిన కొన్ని అనుభవాలు వీళ్లకు దొరకలేదు, వాటిని బడిలోనే ఇవ్వవచ్చు అన్నది ఆమె వాదన. దాని వెనక, చిన్నప్పుడు దగ్గరి పెద్దలతో కుదిరే బంధమే ఎదుగుదలకు పునాది అనే జాన్ బౌల్బీ అటాచ్‌మెంట్ సిద్ధాంతం ఉంది. పిల్లవాడు ఎక్కడున్నాడో చూడటానికి తర్వాత 'బాక్సాల్ ప్రొఫైల్' తయారైంది. దాన్ని నింపేది డాక్టరు కాదు, పిల్లవాణ్ని రోజూ చూసే టీచరే. ఒక భాగంలో ఎదుగుదల, రెండో భాగంలో ఇబ్బంది పెట్టే నడవడి.

అక్కా, ఆ ఫారమ్ తెచ్చి నింపాలని తొందరపడకండి. అక్కడి పిల్లల కోసం రాసింది. ఒక నోట్‌బుక్‌లో రోజుకు రెండు వాక్యాలు చాలు: ఎప్పుడు బెంచీ కిందికి పోయాడు, అంతకుముందు ఏం జరిగింది, ఎట్లా బయటికి వచ్చాడు. మీరే రాశారు కదా, తెలుగప్పుడే దూరతాడు, లెక్కలప్పుడు దూరడు అని. ఆ ఒక్క వాక్యంలో చాలా ఉంది.

సుబేదారి_నాన్న
ఆ వాక్యం చదివే నేను లాగిన్ అయ్యాను. మేడమ్, మా వాడు అచ్చం ఇంతే. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూలు, పేరు వద్దు. నోట్లో లెక్క చెప్తాడు, తెలుగు, ఇంగ్లిష్ చదవమంటే కడుపునొప్పి. 'క్ష', 'త్ర' లాంటి ఒత్తులు వచ్చిన చోట ఆ పదం దాటేసి తనకు తోచింది చదివేస్తాడు. ఇంట్లో టెన్షన్, బడిలో టెన్షన్. వాళ్లు పిల్లవాడి ప్రవర్తన బాగాలేదు, టీసీ తీసుకోండి అన్నారు. 2022లో యునెస్కో మన వరంగల్‌ను లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో చేర్చిందని పేపర్లో చదివి సంతోషించినవాణ్ని నేను. ఆ సిటీలోనే చదవడం రాని పిల్లవాడికి చోటు లేదు!

చివరికి హైదరాబాద్ తీసుకెళ్లి పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) అన్నారు. అందుకే చెప్తున్నా, ప్రేమగా జావ పోసినంత మాత్రాన ఒత్తులు రావు. బెంచీ కింద దూరే పిల్లవాడికి అమ్మానాన్న మీద బెంగ ఉండవచ్చు, అక్షరాలు పట్టుబడకపోవడమూ ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. దేన్నీ వదలకండి.

భవిత_పరకాల
సుబేదారి అన్న మాటకు నా ఓటు. నేను ఐఈఆర్‌పీగా పనిచేస్తున్నాను, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్‌ని. మండలంలో అట్లాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం చూస్తాను, బడులు కూడా తిరుగుతాను. మేడమ్, మొదట ఏం చేయాలంటే ఆ ముగ్గురికీ కళ్లు, చెవులు చూపించండి. ఆర్‌బీఎస్‌కే టీమ్ (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం) బడికి వచ్చినప్పుడు ఈ ముగ్గురి పేర్లు ముందే రాసి పెట్టండి, గుంపులో కలిసిపోనివ్వకండి. మాట్లాడని పిల్ల విషయంలో వినికిడి పరీక్ష తప్పనిసరి. అవసరమైతే టీమే జిల్లా స్థాయిలో డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రానికి) రాస్తుంది. మాట్లాడే తెలివి ఉండి కూడా వినపడక నోరు మూసుకున్న పిల్లలను నేను చూశాను.

తర్వాత మీ మండల భవిత కేంద్రానికి కబురు పెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ (డిస్లెక్సియా లాంటివి) అందులో ఒకటి. కానీ రెండో తరగతి పిల్లవాడికి ఇప్పుడే ఆ ముద్ర వేయరు. మామూలుగా ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ సంగతి. అప్పటిదాకా ఆగి కూర్చోమని కాదు, చదివించే పద్ధతి మార్చడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇసుకలో రాయించండి, గుణింతం చప్పట్లతో చెప్పించండి, నలుగురి ముందు గట్టిగా చదవమనకండి.

నానమ్మకు గానీ మీకు గానీ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎంఎడ్_కాకతీయ
సుబేదారి సార్ చెప్పినదానికి పరిశోధన కూడా తోడుంది. 2016లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీ వాళ్లు ఉత్తర ఐర్లాండ్ నర్చర్ గ్రూపులను, అవి లేని బడులతో పోల్చి చూశారు. తోటివాళ్లతో కలవడం, కోపం, బుగులు లాంటి విషయాల్లో స్పష్టంగా మెరుగు కనిపించింది. చదువు స్థాయిలో మాత్రం అట్లాంటి తేడా చూపలేకపోయారు. అంటే పిల్లవాణ్ని కూర్చోబెట్టే పని ఇది చేస్తుంది, కూర్చున్నాక చదువు నేర్పే పని విడిగా ఉంటుంది. నర్చర్ అనగానే అన్నీ అవే అయిపోతాయని ట్రైనింగుల్లో ఊదరగొట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

షార్జా_రాత్రి
మేడమ్ గారు, నేను జగిత్యాల దగ్గరి వాణ్ని, షార్జాలో కంపెనీ డ్యూటీ. భార్య మా ఊళ్లోనే ఉంటది, కొడుకు మూడో తరగతి. టీచర్ ఫోన్ చేసి బాబు ఎవరితో కలుస్తలేడు అన్నది. నేను రోజూ వీడియో కాల్ చేస్తా. ఇంకేం చేయాలి?

కరీంనగర్_టు_గ్లాస్గో
అన్నా, ఎన్నిసార్లు చేస్తున్నారన్నది కాదు, ఎప్పుడు చేస్తున్నారన్నది చూడండి. మీ దగ్గర రాత్రి తొమ్మిది అంటే మన ఊళ్లో పదిన్నర. బాబు నిద్రలో లేచి మాట్లాడుతున్నాడేమో. మీ దగ్గర పొద్దున ఐదున్నరకు చేస్తే ఊళ్లో ఏడు, బడికి తయారయ్యే టైము. రోజూ అదే టైముకు ఐదు నిమిషాలు చాలు. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుంటావు?" లాంటి ఒక్క ప్రశ్న అడిగి, మర్నాడు దాని గురించే అడగండి. ఇంకొకటి, టికెట్ చేతికి రాకుండా "వచ్చే నెల వస్తా" అని మాత్రం చెప్పకండి.

షార్జా_రాత్రి
ఆ మాట చాలాసార్లు చెప్పేవాళ్లే ఇక్కడ మా రూమ్‌లో అందరూ. చెప్తా వాళ్లకు. థాంక్స్ చెల్లె.

అంగన్‌వాడీ_అక్క_మహబూబాబాద్
నాకు ఇంగ్లండు సంగతులు తెలియవు. తండా పాప గురించి ఒకటే ప్రశ్న. మీ బడిలో ఆ పిల్లతో లంబాడీలో మాట్లాడే మనిషి ఎవరన్నా ఉన్నారా టీచరమ్మా? మా సెంటర్‌కు వచ్చే తండా పిల్లలు మొదట్ల అట్లనే ఉంటరు. "ఆకలైతుందా", "నొప్పి ఉందా", "ఎవరన్న కొట్టిండ్రా" ఈ మూడు మాటలు వాళ్ల భాషల అడుగుతే చాలు, మన వైపు తిరిగి చూస్తరు. తెలుగు తర్వాత అదే వస్తది.

నల్లబల్ల_నర్సంపేట
అందరికీ ధన్యవాదాలు, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అక్కా, మీ ప్రశ్నకు జవాబు ఉంది! మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క అదే తండా మనిషి. నిన్న ఇంటర్వెల్‌లో ఆమెను పిలిచి పాప పక్కన కూర్చోమన్నాను. ఆమె గుడ్ల పెంకు తీస్తూ పాప చేతికి ఒక గుడ్డు ఇచ్చింది, నువ్వూ తీయి అన్నట్టు. పాప పెంకు తీస్తూ తీస్తూ ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అక్క నవ్వి "వాళ్లింట్ల మేక ఈనిందట" అని చెప్పింది.

ఆ అక్కనే రెండో మనిషిగా పెట్టుకుంటే?

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
పెట్టుకోండి, కానీ ఒక్క మాట. వంట కార్మికులకు వచ్చే గౌరవ వేతనం ఎంతో, ఎన్ని నెలలకొకసారి వస్తుందో మనందరికీ తెలుసు. వాళ్లతో గదులు ఊడిపించడం, నీళ్లు మోయించడం బడుల్లో మామూలైపోయింది. ఇప్పుడు పిల్లల మనసు బాగుచేసే పని కూడా ఊరికే చేయించుకుంటామా? ఆమెకు ఇష్టమేనా అని అడగండి. బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో పెట్టి, ఎంతో కొంత ఇచ్చే దారి ఉందేమో చూడండి. లేదంటే ఆమె పనిలో ఇంకేదైనా తగ్గించండి.

అంగన్‌వాడీ_అక్క_మహబూబాబాద్
సార్ మీకు దండం. ఈ మాట అనే హెచ్‌ఎం సార్లు మాకు దొరకరు.

ఎంఎడ్_కాకతీయ
టైము చిక్కు కూడా ఉంది. పొద్దున ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. ఇబ్బందిపడే పిల్లలకు మాత్రం పొద్దున బడిలోకి వచ్చిన మొదటి గడియే కష్టం, ఇంటి నుంచి ఏం మోసుకొచ్చారో అది అప్పుడే బయటపడుతుంది.

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. పొద్దున పూట ఒకటి, రెండు తరగతుల పిల్లలందరినీ కలిపి చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టండి. జావ ఉన్న రోజు జావ, లేని రోజు ఊరికే ముచ్చట. పావుగంట. అందరూ ఉంటారు కాబట్టి ఎవరికీ పేరు పడదు. భోజనం అయ్యాక, వంట అక్క చేతులు ఖాళీ అయ్యాక, అప్పుడు మీ నలుగురైదుగురు.

కరీంనగర్_టు_గ్లాస్గో
సార్, ఇక్కడ కూడా ఇప్పుడు ఒక్క గదితో ఆగకుండా బడి మొత్తం ఇదే పద్ధతిలో నడవాలని చూస్తున్నారు. మధ్యాహ్నం గుంపుకు ఇంకొకటి కలపండి. రోజూ మిగతా పిల్లల్లో ఇద్దరిని వంతులవారీగా చుట్టాలుగా పిలవండి. పిల్లలు "నా వంతు ఎప్పుడు" అని అడగడం మొదలైతే 'మొద్దుల గది' అనే పేరు పుట్టే అవకాశం తక్కువ. కానీ గుంపు ఎనిమిది దాటనివ్వకండి, దాటితే అది మళ్లీ క్లాసే.

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
చుట్టాల పద్ధతి బాగుంది. కొట్టేవాడి సంగతి మాత్రం నాకింకా మింగుడుపడలేదు. ఏ నడవడి అయినా పిల్లవాడు మనకు చెప్పుకునే మాటే అని వాళ్ల సూత్రాల్లో ఉందట. ఉండనీ. దెబ్బ తిన్నవాడు కూడా మన పిల్లవాడే కదా.

భవిత_పరకాల
అవును సార్, ఆ సూత్రం కొట్టడాన్ని ఒప్పుకోమని చెప్పడం లేదు. నేను బడుల్లో చెప్పేది ఇది. కొట్టిన వెంటనే ఇద్దరినీ వేరు చేయండి, దెబ్బ తిన్నవాడి దగ్గరికి ముందు పోండి. కొట్టినవాడితో ఆ క్షణంలో విచారణ పెట్టకండి, అప్పుడు వాడి చెవికి ఏదీ ఎక్కదు. శాంతపడ్డాక "కోపమొచ్చిందా, బుగులైందా?" అని మీరే రెండు మాటలు అందించండి, చెప్పుకోవడానికి మాట లేక చేయి లేపే పిల్లలు చాలామంది. ఆ తర్వాత వాడు తప్పు దిద్దుకునే పని ఒకటి ఉండాలి. విరిచిన పలక బలపానికి బదులు తనది ఇవ్వడం, పడేసిన సంచి తీసి సర్దడం. క్షమాపణ బలవంతంగా చెప్పిస్తే వాడికి వచ్చేది 'సారీ' అన్న పలుకు ఒక్కటే.

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
ఇట్లా చెప్తే ఒప్పుకుంటా.

సుబేదారి_నాన్న
మేడమ్, ఇంకో సందేహం. మీకు బదిలీ అయితే? పిల్లవాడు మిమ్మల్ని నమ్మి బెంచీ కింది నుంచి వచ్చాక జూన్‌లో కొత్త టీచర్ ఉంటే వాడి పరిస్థితి ఏమిటి? మా వాడికి క్లాస్ టీచర్ మారిన ప్రతిసారీ మొదటికొచ్చింది.

నల్లబల్ల_నర్సంపేట
అది నేనూ ఆలోచించాను సార్. బదిలీ నా చేతిలో లేదు. వంట అక్క ఊరి మనిషి, ఆమె ఉంటుంది. అందుకే ఆమెను కేవలం సాయానికి కాకుండా ఆ సమయంలో నాతో సమానంగా కూర్చోబెట్టాలనుకుంటున్నా. మా హెచ్‌ఎం గారితో మాట్లాడాను, మధ్యాహ్నం నలభై నిమిషాలు మిగతా పిల్లలకు కథల పుస్తకాల పీరియడ్ ఆయన తీసుకుంటారు. వంట అక్కను అడిగాను. "గిన్నెలు కడిగే పని నాకొక్కదానికే ఉండొద్దు" అంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కుంటారు, పెద్ద గిన్నెల సంగతి కమిటీలో పెడతాం. డబ్బు విషయమూ అక్కడే.

రెండో తరగతి బాబును ఆర్‌బీఎస్‌కే లిస్టులో రాశాను, పాపను కూడా. సంక్రాంతికి భివండి నుంచి అమ్మానాన్న వస్తున్నారట, అప్పుడు పిలిచి మాట్లాడతాను. వాళ్లు తిరిగి వెళ్లే రోజు వాడికి ముందే చెప్పి వెళ్లమని అడగాలి. పోయినసారి వాడు నిద్రలో ఉండగా బస్సెక్కారని నానమ్మ చెప్పింది.

కరీంనగర్_టు_గ్లాస్గో
అక్కా అది తప్పకుండా అడగండి. ఏడ్చినా సరే, చెప్పే వెళ్లాలి. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారం వాడు మళ్లీ బెంచీ కిందికి పోతాడు, కంగారుపడి ఇదంతా పనిచేయలేదని ఆపేయకండి.

ఎంఎడ్_కాకతీయ
నోట్‌బుక్ మరిచిపోకండి. మీకు బదిలీ వచ్చినా వచ్చే టీచర్‌కు ఇచ్చేది అదే.

రిటైర్డ్_హెచ్ఎం_జనగామ
ఇదంతా నోటిమాటగా నడపకండి మేడమ్. ఒక పేజీ రాసి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో చదివి, ఎంఈఓ గారి దగ్గర కాపీ ఇచ్చి స్టాంపు వేయించుకోండి. తల్లిదండ్రులకు కూడా చెప్పి సంతకం తీసుకోండి. ఫార్మాట్ కావాలంటే మెసేజ్ పెట్టండి, నేను రాసిస్తాను.

నల్లబల్ల_నర్సంపేట
మెసేజ్ పెట్టాను సార్.